చేమదుంప తెలిసినంత మాత్రాన: హవాయి వంటలపై వ్యాసం రాసిన డైరీ

పని ఇది: హవాయి వంటల గురించి తెలుగు పాఠకులకు ఒక పెద్ద వ్యాసం, దానికి తోడు ఇంటి వంటగదిలో చేయదగిన కొన్ని వంటల విధానాలు. రాస్తున్నది ఆ దీవుల్లో పుట్టినవాడు కాదు, అక్కడ పెరిగినవాడూ కాదు. గోదావరి డెల్టాలో పుట్టి, కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవుల్లో హవాయి వెళ్లి వచ్చినవాడిని. ఇలాంటి బయటివాడు ఇంకొకరి తిండి గురించి రాసేటప్పుడు ఏ వాక్యం ఎవరి మాట మీద ఆధారపడి రాస్తున్నాడో లెక్క చెప్పగలిగి ఉండాలని నా అభిప్రాయం. ఆ లెక్కనే దశలవారీగా ఇక్కడ పెడుతున్నాను. వేరే ప్రాంతపు వంటల గురించి ఇదే పని చేయదలచినవారు పద్ధతిని యథాతథంగా తీసుకోవచ్చు. పొయ్యి మీద బెడిసికొట్టిన ప్రయోగాలను మాత్రం మళ్లీ చేయనవసరం లేదు.

మొదటి దశ: పట్టిక

పనిముట్లు నాలుగే: గ్రాముల తూకం, మాంసం లోపలి వేడిని చూపే థర్మామీటరు, మేరీ కవేన పుకుయి, శామ్యూల్ ఎల్బర్ట్ కలిసి కూర్చిన హవాయి నిఘంటువు (1957లో తొలిసారి వెలువడింది), ఒక స్ప్రెడ్‌షీట్. వ్యాసం తొలి ప్రతిని వాక్యం వాక్యంగా విడగొట్టి స్ప్రెడ్‌షీట్‌లో ఇలా ఎక్కించాను.

1. మొదటి గడిలో వాక్యం.
2. రెండవ గడిలో అది ఎవరి మాట: హవాయి మూలవాసులదా, అక్కడ తరతరాలుగా ఉంటున్న వలస కుటుంబాలదా, పర్యాటక సంస్థదా, నాదా.
3. మూడవ గడిలో ఆ మాటకు ఆధారం: తిన్నానా, వండానా, చదివానా, విన్నానా.
4. నాలుగవ గడిలో తీర్పు: ఉంచాలి, మార్చాలి, తీసేయాలి.

రెండవ గడి నింపుతూ పోతే వ్యాసంలో సగానికి పైగా వాక్యాలు పర్యాటక కరపత్రాలవో, నా ఊహలో పుట్టినవో అని తేలింది. దీవులను స్వర్గంతో పోల్చినవి, వంటను ‘ఆదిమ రుచి’ అన్నవి, ఊళ్లో అందరికీ తెలిసిన చిన్న హోటలును నేనే కనిపెట్టినట్టు చెప్పినవి మొదట పోయాయి. ‘స్వర్గం’, ‘రహస్యం’, ‘ఆదిమ’, ‘అచ్చమైన’, ‘కనుగొన్నాను’ అనే అయిదు మాటలను వరసగా వెతికి, కనబడిన ప్రతిచోటా ఆ వాక్యాన్నే కొట్టేశాను. మాట మార్చి వాక్యాన్ని నిలబెట్టే ప్రయత్నం చేస్తే అదే భావం ఇంకో వేషంలో తిరిగి వస్తుంది.

పేర్ల విషయంలో రెండు నిర్ణయాలు. హవాయిలో నివసించే వారందరినీ ‘హవాయియన్లు’ అనడం అక్కడి వాడుక కాదు. ఆ పేరు మూలవాసులైన కానక మఒలికి చెందుతుంది, మిగిలినవారు హవాయి నివాసులు. రెండవది లిపి. హవాయి భాషలో అచ్చుల మీద దీర్ఘానికి గుర్తు ఉంది, గొంతులో చిన్న ఆపుకు ‘ఒకినా’ అనే అక్షరం ఉంది. ఎ, ఒ లకు హ్రస్వ దీర్ఘాలు రెండూ ఉన్న మన లిపిలో మొదటిది సులువుగా కుదిరింది కనుక చేమకు హవాయి పేరైన ‘కలో’ను ‘కలొ’గా దిద్దాను. రెండవదానికి మనకు అక్షరం లేదు కనుక దాని చోట ఒక చిన్న కామా గుర్తు (’) పెట్టాను.

ఇప్పటి లెక్క: తొలి ప్రతి 3,400 పదాలు, దిద్దిన తరువాత 1,550. ప్రచురణకు సిద్ధమైన వంటలు 0.

రెండవ దశ: ఏది ఎవరి వంట

వంటలను కాలాన్ని బట్టి మూడు వరసల్లో సర్దాలన్నది మొదటి ఆలోచన. మొదటి వరసలో పాలినీషియన్ నావికులు పడవల్లో వెంట తెచ్చుకున్న మొక్కలు: కలొ అనే చేమ, ’ఉలు అనే కూరపనస, అరటి, కొబ్బరి, చెరకు, చిలగడదుంప, ’ఓలెన అనే పసుపు. వీటిలో చాలా భాగం గోదావరి జిల్లాల పెరళ్లలోనూ పెరుగుతాయి. ఆ పోలిక చూసి మురిసిపోయి రాసిన ఒక పేరా మొత్తం తరువాత పోయింది, ఎందుకంటే మొక్క ఒకటే అయినంత మాత్రాన వంట ఒకటి కాదు.

రెండవ వరసలో 1778లో కెప్టెన్ కుక్ ఓడలు వచ్చిన తరువాత రాజ్యకాలంలో చేరిన సరుకులు. మూడవ వరసలో చెరకు తోటలకు కూలీలుగా వచ్చినవారి వంటలు: 1852 నుంచి చైనీయులు, 1868లో కొద్దిమంది, 1885 నుంచి పెద్ద సంఖ్యలో జపనీయులు, 1878 నుంచి పోర్చుగీసువారు, 1900లో పోర్టోరికో వారు, 1903లో కొరియన్లు, 1906 నుంచి ఫిలిప్పీన్స్ వారు. రెండు గరిటెల అన్నం, మాకరోనీ సలాడ్, ఏదో ఒక మాంసంతో వచ్చే ప్లేట్ లంచ్, సైమిన్ నూడుల్స్, మలసాదా (నూనెలో వేయించిన పోర్చుగీసు తీపి ఉండ), స్పామ్ ముసుబి (అన్నం ముద్ద మీద డబ్బా మాంసం), హిలో పట్టణంలో 1940ల చివర పుట్టిన లొకొ మొకొ (అన్నం మీద మాంసపు బిళ్ల, గుడ్డు, గ్రేవీ) అన్నీ ఈ మూడవ వరసవి. దీవుల్లో వీటిని ‘లోకల్’ తిండి అంటారు. పొయ్ (ఉడికించిన కలొను దంచి చేసే ముద్ద), లౌలౌ (ఆకుల్లో చుట్టి ఉడికించిన మాంసం), కాలుఅ (నేల గొయ్యిలో ఉడికించిన) పంది మాంసం, లొమి సామన్, హౌపియ (కొబ్బరిపాల మిఠాయి) వంటివి దొరికే చోటును హవాయియన్ ఫుడ్ హోటలు అంటారు. రెండింటినీ కలిపి రాసిన బయటి వ్యాసాలు చాలా చూశాను.

వరసలు చక్కగా ఉన్నాయి గానీ లొమి సామన్ దగ్గర తెగిపోయాయి. ఉప్పులో ఊరిన సామన్ చేపను టమాటా, ఉల్లిపాయలతో చేత్తో నలిపి కలిపే ఈ వంటలో సామన్ హవాయి సముద్రాల్లో లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా వాయవ్య తీరం నుంచి పీపాల్లో వచ్చింది. టమాటా అమెరికా ఖండాల పంట. అయినా లూ’అవు విందులో అది లేకపోతే విస్తరి వెలితిగా ఉంటుంది. కాలం వరసలను నమ్ముకుంటే ఈ వంట ‘అసలైనది కాదు’ అని నేను తీర్పు చెప్పాల్సి వస్తుంది, ఆ తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. హౌపియ కూడా అంతే. కొబ్బరిపాలను చిక్కబరచడానికి వెనుకట ‘పియ’ అనే దుంప పిండి వాడేవారు, ఇప్పుడు ఇళ్లలో మొక్కజొన్న పిండి వాడతారు. నేను దుకాణంలో ఆరారోట్ కోసం తిరగడం వాళ్ల కంటే నేనే ఎక్కువ హవాయి మనిషినని నిరూపించుకోవడం లాంటిది, పైగా ఆ డబ్బాల్లో ఉండేది సాధారణంగా వేరే మొక్క పిండి.

వరసలు తీసేసి, ప్రతి వంట కింద మూడు పంక్తులు పెట్టాను: సరుకులు ఎక్కడివి, వంట ఎవరి చేతిలో మొదలైంది, ఇప్పుడు ఎవరు ఎప్పుడు తింటారు. మూడవ పంక్తి లేని వంటను వ్యాసంలో చేర్చలేదు. ఎక్కడ తినాలో చెప్పే చోట పెద్ద హోటళ్ల లూ’అవు ప్రదర్శనల పేర్లు తీసి, హోనలూలులో 1946 నుంచి నడుస్తూ, 2000 సంవత్సరంలో అమెరికాలో వంటలకిచ్చే జేమ్స్ బియర్డ్ పురస్కారం పొందిన హెలెనాస్ హవాయియన్ ఫుడ్ వంటి చోట్లు పెట్టాను.

హౌపియ కొలతలు, మొదటివి సరికానివి: 400 మి.లీ. కొబ్బరిపాలకు 25 గ్రాముల మొక్కజొన్న పిండి వేస్తే ముక్కలు కోయడానికి రాలేదు. 40 గ్రాముల పిండిని 120 మి.లీ. నీళ్లలో కలిపి, 70 గ్రాముల పంచదారతో, గరిటె ఆపకుండా తిప్పుతూ చిక్కబడిన తరువాత ఇంకో రెండు నిమిషాలు ఉడికిస్తే పిండి వాసన పోయింది, చల్లారాక చతురస్రాలుగా తెగింది.

ఇప్పటి లెక్క: 1,900 పదాలు. సిద్ధమైన వంటలు 1 (హౌపియ).

మూడవ దశ: పొయ్

ఎక్కువ సరుకు, ఎక్కువ ఓపిక పోయింది ఇక్కడే. కలొ, మన చేమదుంప ఒకే జాతి మొక్క. ఆ ధీమాతోనే ఇండియన్ దుకాణం నుంచి చిన్న దుంపలు తెచ్చాను.

మొదటి ప్రయోగం. చిన్న చేమదుంపలు ఒక కిలో, కుక్కర్లో మూడు విజిల్స్, తొక్క తీసి 250 మి.లీ. నీళ్లతో మిక్సీలో వేశాను. గరిటెతో ఎత్తితే జానెడు పొడవున తీగ సాగింది. వేపుడులోనూ పులుసులోనూ మనం పోగొట్టడానికి తంటాలు పడే జిగురంతా బ్లేడ్ల వేగానికి బయటపడింది. ఇది పొయ్ కాదు.

రెండవ ప్రయోగం. ఫిలిప్పీన్స్ సరుకుల దుకాణంలో దొరికే పెద్ద దుంప తీసుకున్నాను.

1. దుంప బరువు 920 గ్రాములు. గ్లవ్స్ వేసుకుని కడిగి, పెద్ద ముక్కలుగా కోశాను.
2. ఆవిరి మీద గంటన్నర ఉడికించాను. గంటకు చూస్తే మధ్యలో గట్టిగా ఉంది. పచ్చి దుంపలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి కనుక ‘కొంచెం తక్కువైనా పరవాలేదు’ అన్న మాట ఇక్కడ చెల్లదు.
3. తొక్క, మచ్చలు తీసేశాక మిగిలింది 740 గ్రాములు.
4. ఊరి నుంచి తెచ్చిన చిన్న రాతి రోట్లో, చేయి తడి తప్ప నీళ్లు పోయకుండా దంచాను. అరగంటకు ముద్ద నున్నగా, బరువుగా, రోటిని వదిలేలా తయారైంది. నీళ్లు కలపని ఈ గట్టి ముద్ద ప’ఇ’అఇ అనే దానికి దగ్గర.
5. అందులోంచి 500 గ్రాములు తీసుకుని 30 మి.లీ. చొప్పున నీళ్లు కలుపుతూ పోయాను. 190 మి.లీ. దగ్గర రెండు వేళ్లతో ఎత్తితే నిలిచింది. పొయ్ చిక్కదనాన్ని అక్కడ ఎన్ని వేళ్లతో తీసుకోవచ్చో దాన్ని బట్టి చెప్పుకుంటారు. పలచనయ్యే కొద్దీ వేళ్లు పెరుగుతాయి.

రోలు పనిచేసింది గానీ నాది రోలే. అక్కడ దంచేది పొడవైన చెక్క పళ్లెం మీద, చేతికి ఒదిగే రాతి పనిముట్టుతో. ఫలితం రంగు కూడా బూడిద కలిసిన లేత ఊదా; అక్కడి కొన్ని రకాల కలొ ఇచ్చే గులాబీ ఊదా కాదు. కాబట్టి వ్యాసంలో దీని పేరు ‘పెద్ద చేమదుంపతో పొయ్ పద్ధతిలో దంచిన ముద్ద’. పేరు పొడుగైందని ఒక మిత్రుడు విసుక్కున్నారు. ఉంచాను. చేత్తో దంచిన దాన్ని అమ్ముకునే వీలు కోసం హవాయిలో 2011లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. మిక్సీలో తిప్పి అదే పేరు పెట్టేయడం నాకు తేలిక, వాళ్లకు కాదు.

పులియబెట్టడం. గిన్నెలో ముద్ద మీద పలచగా నీళ్లు పోస్తే పైన పొర కట్టదు. వంటగది వేడి 21 డిగ్రీలు. రెండవ రోజు ఏమీ తెలియలేదు, మూడవ రోజు పులుపు తగిలింది, నాలుగవ రోజుకు వాసనతోనే తెలిసింది. లాక్టిక్ ఆమ్లపు పులుపు అది. కొత్త పొయ్ ఇష్టపడేవారూ ఉన్నారు, రెండు మూడు రోజులు పులిసినదాని కోసం ఆగేవారూ ఉన్నారు.

ఇక మాట. పొయ్ తిన్న బయటివారు దశాబ్దాలుగా దాన్ని గోడకాగితం అతికించే జిగురుతో పోలుస్తూ వచ్చారు. నా తొలి ప్రతిలోనూ సినిమా పోస్టర్లు అంటించే మైదా బంక ఉంది. పట్టికలో రెండవ గడి ‘నాది’, మూడవ గడి ‘చదివాను’. అంటే నా నాలుక చెప్పిన మాట కూడా కాదు, ఎవరో తిన్నప్పటి ముఖం చిట్లింపును నేను తెలుగు చేశాను. దాన్ని కొట్టేసి ఆ పులుపును తరవాణి పులుపుతో పోల్చాను. తరవాణి తాగి పెరిగినవారికి అది ఇష్టమైన రుచి, తెలియనివారికి ఏమీ కాదు. రెండు విధాలా పొయ్‌కు అవమానం లేదు. పొయ్‌ను ఒంటిగా చెంచాతో రుచి చూసి తీర్పు చెప్పడం కూడా మానేశాను. ఉప్పగా ఉండే లొమి సామన్‌తో, కొవ్వున్న పంది మాంసంతో కలిపి తినే పదార్థం అది. మనం ఉత్త అన్నం పెట్టి తెలుగు భోజనం చప్పగా ఉందనిపించుకుంటామా?

ఇప్పటి లెక్క: 2,450 పదాలు. సిద్ధమైన వంటలు 2. పారేసిన ముద్ద సుమారు ఒక కిలో.

నాల్గవ దశ: హాలొఅ కథను ఎక్కడ పెట్టాలి

హవాయి మూలవాసుల వంశకథ ఇది: వాకెఅ, హొ’ఒహోకూకలని దంపతులకు తొలి బిడ్డ ప్రాణం లేకుండా పుడితే ఇంటి పక్కన పాతిపెట్టారు. ఆ చోట మొలిచినది కలొ. తరువాత పుట్టిన బిడ్డకూ హాలొఅ అనే పేరు పెట్టారు, అతని నుంచి మనుషులు. అంటే కలొ మనిషికి అన్న. తమ్ముడు అన్నను చూసుకుంటాడు, అన్న తమ్ముడికి అన్నం పెడతాడు. పొయ్ గిన్నె మూత తీసి ఉండగా తగవులు ఆడకూడదన్న మర్యాద ఇందులోంచి వచ్చింది.

ఈ కథను తొలి ప్రతిలో వ్యాసం మొదట్లో అలంకారంగా పెట్టాను. అక్కడ అది ఒక వింత పురాణ గాథలా చదువుకోవడానికి బాగుంది, అంతకు మించి పని చేయలేదు. దాన్ని తీసి 2006 నాటి సంఘటన పక్కన పెట్టాను. హవాయి విశ్వవిద్యాలయం ఆకుమచ్చ తెగులును తట్టుకునేలా సంకరపరచిన మూడు కలొ రకాలకు 2002లో పేటెంట్లు తీసుకుంది. కలొ రైతులు, మూలవాసి ఉద్యమకారులు దాన్ని వ్యతిరేకించారు. పిలకల మీద రుసుము కట్టాల్సి రావడం ఒక అభ్యంతరం. పూర్వికుడికి ఎవరూ యజమాని కాలేరన్నది రెండవది, పెద్దది. 2006లో విశ్వవిద్యాలయం ఆ హక్కులను వదులుకుంది. ఇక్కడికి వచ్చేసరికి హాలొఅ కథ పాఠకుడికి పాతకాలపు ముచ్చటగా కాక, ఇటీవల సమావేశాల్లో వాదనగా నిలబడిన విషయంగా తెలుస్తుంది.

హొ’ఒహోకూకలని వాకెఅకు కుమార్తె అని కూడా ఆ వంశకథ చెబుతుంది. ఈ వివరాన్ని బయటి రచనలు దాచిపెడతాయి లేదా దాని మీదే కూర్చుంటాయి. ఒక్క వాక్యంలో, వ్యాఖ్య లేకుండా ఉంచాను.

నీటి సంగతి కూడా ఇక్కడే చేర్చాను. మడుల్లో పెరిగే కలొకు చల్లటి పారే నీరు కావాలి. పంతొమ్మిదో శతాబ్దం నుంచి చెరకు తోటలు మావి దీవి తూర్పు వాగులను కాలువల్లోకి మళ్లించాయి, దిగువన మడులు ఎండాయి. రాష్ట్రంలో చివరి చెరకు కర్మాగారం 2016 చివర మూతపడేనాటికీ ఆ నీళ్ల వ్యాజ్యం నడుస్తూనే ఉంది. పొయ్ ధర ఎందుకంత అని అడిగే పాఠకుడికి ఇది జవాబులో పెద్ద భాగం.

ఇప్పటి లెక్క: 2,900 పదాలు. వంటలు 2.

అయిదవ దశ: లౌలౌ, ఆకు దురద

పంది మాంసాన్ని, ఉప్పు చేపను చేమాకుల్లో చుట్టి, పైన టీ అనే మొక్క ఆకుతో (తేయాకు కాదు) కట్టి ఆవిరి మీద ఉడికించేది లౌలౌ. పై ఆకు తినరు, లోపలి ఆకు తింటారు.

1. ఒక్కో పొట్లానికి ఫ్రీజర్‌లో దొరికే చేమాకులు 80 గ్రాములు, పంది భుజం మాంసం 110 గ్రాములు, ఉప్పు పట్టించిన చేప 30 గ్రాములు, రాతి ఉప్పు 3 గ్రాములు.
2. టీ ఆకు దొరకలేదు. అరటాకు, దాని మీద అల్యూమినియం రేకు.
3. మొదటిసారి ఆవిరి మీద 45 నిమిషాలు. ఆకు రంగు మారింది, మెత్తబడింది, చూపుకు ఉడికినట్టే ఉంది. రెండు ముద్దలకే గొంతు దురద పట్టుకుని గంట సేపు వదల్లేదు.
4. తరువాత మూడున్నర గంటలు, అడుగున నీళ్లు రెండుసార్లు నింపుతూ. ఆకు వెన్నలా విడిపోయింది. దురద లేదు.

మన ఇళ్లలో చేమాకును చింతపండు పులుసుతో వండుతాం కనుక దురద సంగతి పెద్దగా పట్టించుకోం. లౌలౌలో పులుపు లేదు. దురదను పోగొట్టేది సుదీర్ఘమైన ఉడుకు ఒక్కటే. చింతపండు వేసి సమయం తగ్గించుకోవచ్చునని నోరూరే ఒక వాక్యం రాసి, తీసేశాను. అప్పుడది లౌలౌ కాక మన పులుసుకు దగ్గరవుతుంది. వంట విధానంలో ‘మూడు గంటలకు తగ్గరాదు’ అన్నది పెద్ద అక్షరాల్లో ఉంది.

శాకాహారుల కోసం పనీరు లౌలౌ రాయమని అడిగారు. రాయలేదు. పొయ్, కాల్చిన చిలగడదుంప, హౌపియ వాటంతట అవే శాకాహారం; వాటిని ముందుకు తెచ్చాను.

ఇప్పటి లెక్క: 3,250 పదాలు. వంటలు 3.

ఆరవ దశ: గొయ్యి లేని కాలుఅ

ఇము అంటే నేలలో గొయ్యి. కట్టెల మంటలో అగ్నిపర్వతపు రాళ్లను ఎర్రగా కాల్చి, చితక్కొట్టిన అరటి బోదెలు, ఆకులు పరచి, మాంసం ఉంచి, ఆకులూ తడి గోనెలూ మట్టీ కప్పి గంటల తరబడి వదిలేస్తారు. అద్దె ఇంటి పెరట్లో గొయ్యి తవ్వే అనుమతి లేదు, ఏ రాయి పగలకుండా కాగుతుందో తెలిసిన అనుభవమూ లేదు. తడి పట్టిన రాయి మంటలో పేలుతుంది. గూగుల్‌లో చూసి గొయ్యి తవ్వమని పాఠకుడికి చెప్పడం బాధ్యత కాదు.

ఓవెన్‌లో చేసినది: ఎముకతో ఉన్న పంది భుజం 2.3 కిలోలు, రాతి ఉప్పు 35 గ్రాములు, అరటాకులు, మీద రేకు బిగుతుగా. 150 డిగ్రీల వద్ద అయిదున్నర గంటలు. లోపలి వేడి 85 దగ్గర తీస్తే పీచు విడలేదు. 94 దగ్గర చేత్తో విడిపోయింది. సీసాలో దొరికే పొగ ద్రవం 15 మి.లీ. వేస్తే చేదెక్కింది, 5 మి.లీ. చాలు. హవాయి ఇళ్లలో కూడా మామూలు రోజుల్లో ఓవెన్, పొగ ద్రవం వాడతారు కనుక దీన్ని నకిలీ అనలేదు. ‘ఓవెన్‌లో ఇంటి పద్ధతి’ అని పేరు పెట్టి, ఇము గురించి వేరే పేరా రాశాను. ‘కాలుఅ’ అనే పేరు తెలుగులో పంట కాలువలా కనబడుతోందని అచ్చుతప్పులు చూసినవారు నవ్వారు. పేరు మారలేదు.

ఆ పేరాలోనే 1819 కూడా ఉంది. అంతకు ముందు ఆడవారు మగవారితో కలిసి తినకూడదు, పంది మాంసం, కొబ్బరి, చాలా రకాల అరటిపళ్లు వారికి నిషిద్ధం. ఆ సంవత్సరం రాజు లిహొలిహొ, సహపాలకురాలిగా అధికారం నెరపిన క’అహుమను ప్రోద్బలంతో, ఆడవారి పంక్తిలో కూర్చుని భోజనం చేశాడు. ఆ నిషేధాల వ్యవస్థ దాంతో కూలింది. ఇవాళ్టి లూ’అవులో అందరూ ఒకే చోట తినడం వెనుక ఈ భోజనం ఉంది.

ఇప్పటి లెక్క: 3,650 పదాలు. వంటలు 4.

ఏడవ దశ: తీసేసినవి

అనాస. ఏ వంటలో అనాస ముక్క పడినా ‘హవాయియన్’ అనే అలవాటు వ్యాసంలో ఒక పెట్టెగా ఉండేది. అనాస దక్షిణ అమెరికా పండు. హవాయియన్ పిజ్జా 1962లో కెనడాలోని ఒంటారియోలో సామ్ పనోపులోస్ అనే గ్రీకు వలసదారు చేసింది. 1893లో రాణి లిలి’ఉఒకలనిని గద్దె దించినవారు ఏర్పరచిన ప్రభుత్వానికి అధిపతి శాన్‌ఫర్డ్ డోల్. ఆయన బంధువు జేమ్స్ డోల్ 1901లో అనాస కంపెనీ స్థాపించి, 1922లో లానయి దీవిని దాదాపు మొత్తంగా కొన్నాడు. వంట విధానాల్లోంచి అనాసను తీసేసి, చరిత్ర భాగంలో ఈ వాక్యాలుగా పెట్టాను. 1993లో అమెరికా కాంగ్రెస్ ఆ కూల్చివేతకు క్షమాపణ తీర్మానం చేసిందన్నది వాటి పక్కనే ఉంది.

ఉప్పు. కవుయి దీవిలోని హనపేపేలో కొన్ని కుటుంబాలు తరతరాలుగా మడుల్లో ఉప్పు పండిస్తాయి. ఆ ఉప్పును అమ్మరు. ఇస్తారు, లేదా వస్తువుకు వస్తువుగా మార్చుకుంటారు. ‘ఎక్కడ కొనవచ్చు’ అనే పెట్టెలోంచి ఆ పేరు తీసేశాను. పాఠకుడికి మామూలు రాతి ఉప్పు చాలు.

పొకె. పచ్చి చేప వంట విధానం ఇవ్వలేదు, వర్ణన మాత్రం ఉంచాను: ఘనాలుగా కోసిన ట్యూనా, ఉప్పు, లిము అనే సముద్రపు నాచు, కుకుయి గింజల పొడి, సోయా, నువ్వుల నూనె తరువాత చేరినవి. చికాగోకు చెందిన ఒక పొకె దుకాణాల గొలుసు ‘అలోహా’తో కలిసిన పేరు వాడొద్దని హవాయి మూలాలున్న చిన్న దుకాణాలకు సైతం లాయరు ఉత్తరాలు పంపిన విషయం 2018లో పెద్ద వివాదమైంది. ఆ సంగతి రెండు వాక్యాల్లో ఉంది.

కుకుయి గింజల పొడి. వేయించి ఉప్పుతో దంచుతారు. పచ్చి గింజ తీవ్రమైన విరేచనకారి. ఎంత వేయిస్తే చాలునో నా చేతికి అనుభవం లేదు. విధానం లేదు.

ఇప్పటి లెక్క: 3,300 పదాలు. వంటలు 4. తీసేసిన పెట్టెలు 3.

ఎనిమిదవ దశ: చదివి చెప్పేవారు

కాలిఫోర్నియాలో ఉంటున్న ఒక కానక మఒలి పెద్దావిడను, తెలిసినవారి ద్వారా అడిగి, ఆమె కోరిన రుసుము ముందే చెల్లించి, వ్యాసం చూడమన్నాను. ఉచితంగా చూసి పెట్టమనడం సరికాదు. అది నైపుణ్యంతో కూడిన పని. ఆమెకు తెలుగు రాదు. మొదట నోటితో ఇంగ్లీషు చేసి వినిపించాను. ఆ పద్ధతి పనికిరాలేదు, ఎందుకంటే చెబుతున్నప్పుడు గరుకుగా ఉన్నచోట నా అంతట నేనే నునుపు చేసేస్తున్నాను. దాంతో వాక్యానికి వాక్యంగా, క్రియ కాలంతో సహా రాసి ఇచ్చాను.

కాలం దగ్గరే పట్టుకున్నారు. ‘దంచేవారు’, ‘తినేవారు’, ‘పూజించేవారు’: మన వంటల రచనలో పూర్వకాలపు ముచ్చట చెప్పే ఈ క్రియారూపం వ్యాసమంతా పరచుకుని ఉంది. ఆ లెక్కన తనూ తన మనవలూ ఎక్కడున్నారని ఆమె అడిగారు. ఇలా దిద్దాను.

1. ‘-ఏవారు’ తో ముగిసే ప్రతి క్రియనూ వెతికాను.
2. ఇప్పటికీ జరిగే పని అయితే ‘-తారు’గా మార్చాను. దంచడం, పంచుకోవడం, ఇము వేయడం ఇందులోకి వచ్చాయి.
3. నిజంగా ఆగిపోయినదైతే ఎప్పుడు, ఎందుకు ఆగిందో చేర్చాను. నిషేధాలకు 1819, మడులు ఎండటానికి చెరకు కాలువలు.
4. రెండూ చెప్పలేకపోతే వాక్యం తీసేశాను.

రెండవ అభ్యంతరం తీపి మాటలకు. ‘నిష్కల్మషమైన ప్రజలు’, ‘అతిథిని దేవుడిగా చూసే దీవులు’ అన్నవి మెచ్చుకోలే గదా అని ఉంచాను. పర్యాటకుల సేవకు పుట్టినట్టు వినిపిస్తోందన్నారు. పోయాయి. ఆమె తన ఇంటి ఇము గురించి చాలా వివరంగా చెప్పారు. రాయవచ్చునా అని అడిగితే వద్దన్నారు. అది పట్టికలో కూడా ఎక్కలేదు. పేరు వేయవద్దనీ కోరారు. ఆమె చూశారు కనుక వ్యాసం అంతా సరైనదనే అర్థం వచ్చే కృతజ్ఞతా వాక్యం కూడా రాయలేదు. ఒక్కరు చూసినంతలో ఒక జాతి ఆమోదించినట్టు కాదు.

ముగింపు లెక్క: 3,150 పదాలు. వంటలు 4: హౌపియ, పొయ్ పద్ధతి ముద్ద, లౌలౌ, ఓవెన్ కాలుఅ. వర్ణన మాత్రమే ఉన్నవి 3: పొకె, లొమి సామన్, ఇము.

మిగిలిన పని

’ఉలు శీర్షిక ఇంకా తెరిచే ఉంది. కోనసీమలో కూరపనస అని వండుకునే కాయే అది. ఫ్రీజర్ ముక్కలు ఉడికిస్తే పీచు పీచుగా వచ్చాయి, కాల్చడానికి అసలు పనికిరాలేదు. ముదిరిన పచ్చి కాయ మొత్తంగా నిప్పుల మీద కాల్చాలి, తూకం, సమయం, లోపలి వేడి మూడూ రాసుకోవాలి. అది దొరికాక ఆ కొలతలు, వ్యాసం వచ్చిన తరువాత అందిన దిద్దుబాట్లు, ఏ వాక్యం ఎవరు చెబితే మారిందన్న వివరంతో సహా, ఇదే పట్టికలో అయిదవ గడిగా చేరుస్తాను.